చప్పిడి నెత్తురు

రిటైరయ్యాక నరసరావుపేటలో స్థిరపడ్డాను కాబట్టి, ఇక్కడి కాలేజీల వాళ్ళు ఏడాదికోసారి, సైన్సు దినోత్సవం నాడు, నన్ను గుర్తు చేసుకుంటారు. శాలువా కప్పుతారు. మైకు పనిచేస్తే మాట్లాడమంటారు. పోయినసారి ముందు వరుసలో కూర్చున్న ఒక అమ్మాయి లేచి, "మేడమ్, ఇన్నేళ్ళ సర్వీసులో మీరేం కనిపెట్టారు?" అని అడిగింది. ప్రిన్సిపాల్ గారు కంగారుపడ్డారు. నేను పడలేదు. "ఒకసారి కాన్సర్‌ని కనిపెట్టబోయాను. త్రుటిలో తప్పింది" అన్నాను. ఎందుకో తెలియదు గానీ అందరూ చప్పట్లు కొట్టారు. భోజనాల వేళయిందని నన్ను దించేశారు. ఆ అమ్మాయికి బాకీపడిన జవాబు ఇప్పుడు రాస్తున్నాను. ల్యాబుల్లోకి వెళ్ళబోయే మిగతా వాళ్ళు కూడా చదువుకోవచ్చు.

నేను హైదరాబాదులో ఒక పరిశోధన సంస్థలో మాస్ స్పెక్ట్రోమీటర్ దగ్గర పనిచేశాను. అది అణువులను తూచే త్రాసు. రక్తపు చుక్కను అందులోకి పంపితే, అందులో ఉన్న వేల రకాల పదార్థాలను ఒక్కొక్కటిగా తూచి, ఒక్కోదానికి తెరమీద ఒక గీత గీస్తుంది. గీత పొడుగ్గా ఉంటే ఆ పదార్థం ఎక్కువున్నట్టు, పొట్టిగా ఉంటే తక్కువున్నట్టు. కాన్సర్ వచ్చినవాళ్ళ రక్తంలో గీతలు ఎలా ఉన్నాయి, రానివాళ్ళ రక్తంలో ఎలా ఉన్నాయి అని పోల్చి చూడటం మా పని. గొంతు, అన్నవాహిక కాన్సర్లను గొంతు దిగడం కష్టం కాకముందే ఒక చుక్క రక్తంతో పట్టుకోవాలని మా ఆశ. ఆశ మంచిదే. ఇప్పటికీ అదే అంటాను.

రోగుల రక్తం నరసరావుపేటలో ఒక ఆస్పత్రి నుంచి వచ్చేది. పోల్చడానికి ఆరోగ్యవంతుల రక్తం కావాలి కదా. అది నకరికల్లు వైపు ఒక పల్లె నుంచి, నెలనెలా అదే మనుషుల దగ్గర తీసుకునేవాళ్ళం. ఆ చోటు ఎంచుకున్నది నేనే. మా అమ్మగారిది ఆ చుట్టుపక్కల ఊరే. "ఆ ప్రాంతపు మనుషుల అలవాట్లు పరిశోధకురాలికి క్షుణ్ణంగా తెలుసు" అని ప్రాజెక్టు కాగితాల్లో రాశాను. డైరెక్టరు గారు ఆ వాక్యం కింద గీత గీసి మెచ్చుకున్నారు. ఈ కథలో మొదటి తప్పు ఆ వాక్యమే.

పల్లెలో రక్తం తీసే పని అక్కడి నర్సమ్మది. సర్వీసు చివరికొచ్చిన మనిషి. ఆ ఊళ్ళో సగం మందికి పుట్టినప్పుడు బొడ్డు కోసింది ఆమేనట, అందుకని ఎవరినైనా ఒరేయ్, ఏమే అనే పిలిచేది. నన్ను మాత్రం మేడమ్ అనేది, అదీ ఫోన్లోనే. నేను ఆమెను అప్పటికి చూడలేదు. రెండేళ్ళుగా ఆ ఊరి రక్తం చూస్తున్నాను, ఊరిని చూడలేదు. ఐసు డబ్బాల్లో ట్యూబులు, ట్యూబులతోపాటు ఫారాలు వచ్చేవి. ప్రతి ఫారంలోనూ "పరగడుపున తీశారా?" అన్న గడిలో నర్సమ్మ టిక్కు ఉండేది. ముత్యంలాంటి టిక్కు.

మా మిషన్ నడిపే టెక్నికల్ ఆఫీసరుది కృష్ణకు అవతల, మిర్యాలగూడ దగ్గర. నా ఈడు మనిషి. మిషన్ మీద పసిపిల్ల మీద ఉన్నంత అనుమానం ఉండేది ఆయనకు. కాస్త నిశ్శబ్దంగా ఉంటే చాలు, ఏదో చేస్తోందని లేచి వెళ్ళి చూసేవాడు.

రెండో ఏడు చివర్లో గీతల మధ్య ఒక గీత దొరికింది. ఆ ఏడు తీసిన రక్తంలో, ఆరోగ్యవంతులందరిలోనూ నిటారుగా ఉంది, రోగుల్లో దాదాపు లేదు. దాని బరువునుబట్టి, అది విరిగే తీరునుబట్టి చూస్తే, నిమ్మకాయలో ఉండే సిట్రిక్ ఆమ్లానికి దగ్గరి చుట్టమని తెలిసింది. మన ఒంట్లో ప్రతి కణమూ శక్తి కోసం సిట్రిక్ ఆమ్లాన్ని వాడుకుంటుంది. కాన్సర్ కణాలు ఆ పద్ధతిని తలకిందులు చేస్తాయి. కాబట్టి ఈ చుట్టం ఆరోగ్యవంతుల్లో ఉండి, రోగుల్లో మాయమవడమంటే మామూలు సంగతా! విదేశాల వాళ్ళు తయారుచేసిన మనిషి రక్తపు జాబితాలన్నీ వెతికాం. అందులో దీని పేరు లేదు. లేకపోయేసరికి నాకు ఇంకా సంతోషం వేసింది. ఎవరూ చూడనిది నేను చూశానన్న మాట.

టెక్నికల్ ఆఫీసరు మాత్రం తెరను చాలాసేపు చూసి, "ఇంత మంచిగ రావద్దు మేడమ్" అన్నాడు.

"మంచిగా వస్తే బాధేంటండీ?"

"ఇరవై ఏండ్ల సంది చూస్తున్న. మనుషుల నెత్తురు ఇంత మాట వినదు. ఏదో ఉన్నది."

అసూయ అనుకున్నాను. ఆయనకు చెప్పలేదు గానీ ఇంటికెళ్ళి మా ఆయనకు చెప్పాను.

అప్పుడే ముప్పై ఏడో నంబరు వచ్చింది. ఆ పల్లెలో ఆరోగ్యవంతురాలిగా రక్తమిచ్చే ఒకామె. సంక్రాంతి వెళ్ళాక తీసిన రక్తంలో మా గీత అందరికిలాగే ఉంది. మార్చిలో లేదు. ఏప్రిల్ మొదట్లో మళ్ళీ చూస్తే, అప్పుడూ లేదు. ఆరోగ్యంగా ఉన్న మనిషి మా కళ్ళముందే రోగిగా మారుతోంది. పైకి ఏ లక్షణమూ లేకముందే మేం పట్టుకున్నాం. ఒక శాస్త్రవేత్తకు జీవితంలో ఒకసారి దొరికే గీత అది. నేను ఆ రాత్రి నిద్రపోలేదు. సంతోషంతోనని ఒప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది.

పరిశోధనలో ఒక నియమం ఉంది. నిరూపణ కాని పరీక్ష ఫలితాన్ని రక్తమిచ్చిన మనిషికి చెప్పకూడదు. నంబరు వెనక మనిషి ఎవరో మాకు తెలియనే కూడదు. ఆ నియమం మీద కుర్రవాళ్ళకు నేను క్లాసులు చెప్పాను. మర్నాడు నర్సమ్మకు ఫోన్ చేసి, "ముప్పై ఏడు ఎవరో ఆమెను ఒకసారి పెద్దాస్పత్రిలో చూపించండి. గొంతు, అన్నవాహిక" అన్నాను.

"కాన్సరా మేడమ్?"

"అని కాదు. అనుమానం."

"అనుమానం" అని అన్నందుకు నియమం సగమే తప్పినట్టు నాకు నేను సర్దిచెప్పుకున్నాను. నర్సమ్మ ఆమెకు ఏం చెప్పి ఉంటుందో మీరే ఊహించుకోండి. ఆస్పత్రిలో గొట్టం వేసి చూశారు. ఏమీ కనపడలేదన్నారు. అక్కడితో నేను ఆగాల్సింది. "ఇంకా మొదట్లోనే ఉంటే గొట్టానికి కనపడదు" అని నర్సమ్మకు మళ్ళీ ఫోన్లో చెప్పాను. నా గీత కన్నా డాక్టరు కన్ను గొప్పదని ఒప్పుకోవడానికి మనసు రాలేదు.

వారం తర్వాత నర్సమ్మే ఫోన్ చేసింది. "మడిసి సగమైపోయింది మేడమ్. గేదెలు ఎవరికియ్యాలో చెప్పేసిందంట. సమాధికి చోటు కూడా చూసుకుంది. ఎన్నాళ్ళుంటదో చెప్పమని నన్ను అడగతంది. నేనేం చెప్పేది?"

ఇటు డైరెక్టరు గారు విలేకరులను పిలవడానికి మంచిరోజు చూస్తున్నారు. ఆ నెల రక్తం నేనే స్వయంగా వెళ్ళి తెస్తానని చెప్పి బయల్దేరాను. ఆమెను చూసి ధైర్యం చెప్పాలని కొంత, ముప్పై ఏడో నంబరు ట్యూబు దారిలో పాడవకుండా చూసుకోవాలని ఎక్కువ.

నరసరావుపేటలో దిగి, మా పిన్ని వాళ్ళింట్లో పడుకుని, తెల్లవారుతుండగా ఆటో ఎక్కాను. నేను ఊళ్ళోకి వెళ్ళేసరికి నర్సమ్మ ఇంటి వరండాలో జనం బారుగా కూర్చుని ఉన్నారు. మిరపకాయల చివరి కోతలు నడుస్తున్నాయి. ఆడవాళ్ళంతా తలగుడ్డలు చుట్టుకుని, నీళ్ళ సీసాలు పక్కన పెట్టుకుని, రక్తమిచ్చి అటునుంచి అటే చేలోకి పోవడానికి తయారుగా ఉన్నారు. నర్సమ్మ సూదులు పక్కన పెట్టి, ఒడిలో పెద్ద స్టీలు బేసిన్ పెట్టుకుని కూర్చుంది. బేసిన్లో వేడన్నం పొగలు కక్కుతోంది. ఎర్రగా కలిపిన ముద్దలు ఒక్కొక్కరి చేతిలో పెడుతోంది. ముద్ద తిన్నవాళ్ళు చెయ్యి కడుక్కుని, అరగంట కూర్చున్నాక రెండో చెయ్యి చాపుతున్నారు. అప్పుడు రక్తం తీస్తోంది. తీశాక ఫారం అందుకుని, పరగడుపు గడిలో ముత్యంలాంటి టిక్కు పెడుతోంది.

నేను గుమ్మంలో నిలబడిపోయాను.

"రండి మేడమ్, రండి. ఒక ముద్ద తింటారా?" అంది నర్సమ్మ.

"ఏంటిది?" అన్నాను.

"గోంగూర పచ్చడి. మా ఇంట్లోదే."

"రోజూ... అంటే ప్రతి నెలా ఇలా పెట్టే తీస్తున్నారా?"

"మరి? కోతలకి పోయే మడుసులు మేడమ్. మొదటి నెల మీరు చెప్పినట్టే ఉత్త కడుపున తీశా. ఒకామె చేలో కళ్ళు తిరిగి పడింది. నోట్లో నీళ్ళు పోసి ఇంటికి మోసుకొచ్చాం. ఖాళీ కడుపున నెత్తురు తీసి ఎండలోకి తోలడానికి నాకు చేతులు రాలా."

"ఫారంలో పరగడుపు అని టిక్కు పెడుతున్నారు కదండీ!"

నర్సమ్మ నా వైపు జాలిగా చూసింది. "రెండో నెల తిన్నారనే రాశా. మీ ఆఫీసోళ్ళు డబ్బా మొత్తం తిప్పి పంపారు. టిక్కు లేనియ్యి తీసుకోమని ఎర్రసిరాతో రాశారు. సరే, టిక్కు కావాలంటే టిక్కు పెడదాం, దానికేం పోయింది అనుకున్నా."

ఆ ఎర్రసిరా నాదే. నాకు బాగా గుర్తుంది. శుభ్రమైన డేటా కోసం ఎంత కఠినంగా ఉంటానో చెప్పడానికి ఆ ఉత్తరాన్ని మీటింగుల్లో ఉదాహరణగా చూపించేదాన్ని.

అప్పుడు చూశాను. వరండా చివర స్తంభానికి ఆనుకుని ఒకామె విడిగా కూర్చుని ఉంది. అరవై దాకా ఉంటాయి. చేతిలో ముద్ద లేదు.

"ఆమెకు పెట్టలేదేం?" అని మెల్లగా అడిగాను.

"మీ ముప్పై ఏడు ఆమే. కాన్సరోళ్ళకి పులుపు, కారం పెట్టొద్దని ఆస్పత్రోళ్ళు చెబతారుగా. చప్పిడే తింటంది."

కాన్సర్ వాళ్ళు పులుపు, కారం తినరు. నరసరావుపేట రోగులెవ్వరూ తినరు, గొంతు మంట. ఈ వరండాలో అందరూ తింటారు. "మరి మార్చిలో? అప్పటికి ఆమెకు ఏమీ చెప్పలేదు కదా. అప్పుడైనా తిన్నదా?" అన్నాను.

"యాడ తింటది! అయ్యి లెంటు రోజులు. ఈస్టరు దాకా నలబై రోజులు పులుపూ కారం ముట్టనని తీర్మానం చేసుకుంది. నేను బతిమాలినా ముద్ద తీసుకోలా, రెండు నెలలూ వట్టి కడుపుతోనే ఇచ్చింది. చానా మొండి మడిసి."

ఆ మొదటి నెల తర్వాత, మా ప్రాజెక్టు మొత్తంలో నియమం ప్రకారం రక్తమిచ్చిన ఒకే ఒక్క మనిషికి మేం కాన్సర్ అంటగట్టాం.

నేను గేటు బయటికొచ్చి టెక్నికల్ ఆఫీసరుకు ఫోన్ చేశాను. ల్యాబు పక్కన మేం భోజనం చేసే గదిలో, పై అరలో నా గోంగూర పచ్చడి జాడీ ఉంటుంది. పదేళ్ళుగా ఉంది. రోజూ మధ్యాహ్నం ఆ పచ్చడి తిని, చెయ్యి కడుక్కుని, మిషన్ ముందు కూర్చుని, ఈ పుల్లటి అణువు ఎక్కణ్ణుంచి వచ్చిందా అని ఆలోచించిన మేధావిని నేను.

"నా జాడీలోంచి చెంచాడు తీసి, పలచన చేసి, వడగట్టి మిషన్లోకి పంపండి" అన్నాను.

"మిషన్ల గోంగూర పెట్టాల్నా మేడమ్?"

"పెట్టండి."

"నూనె ఉంటదిగద. ఖరాబైతది."

"నూనె తీసేసి పెట్టండి. బతిమాలుతున్నాను."

మూడు గంటలు పట్టింది. అంతసేపూ నర్సమ్మ వరండాలో కూర్చున్నాను. జనం కోతలకు వెళ్ళిపోయారు. ముప్పై ఏడో నంబరు ఆమె కూడా నా వైపు ఒకసారి చూసి, ఏమీ అడక్కుండా ఇంటికి వెళ్ళిపోయింది. అడగనందుకు నాకు ఏడుపొచ్చింది. నర్సమ్మ మంచినీళ్ళు ఇచ్చింది.

ఫోన్ మోగింది. "అదే మేడమ్" అన్నాడాయన. "అదే నిమిషానికి వచ్చింది, అదే బరువు, అట్లనే ముక్కలైంది. గోంగూరే." ఊపిరి తీసుకుని, "మిషన్ మంచిగనే ఉన్నది" అన్నాడు. ఆయన దిగులు ఆయనది.

తర్వాత డైరెక్టరు గారికి ఫోన్ చేశాను. విలేకరులను పిలవద్దని, మనం పట్టుకున్నది గోంగూరేనని చెప్పాను. ఆయన, "ఎర్ర గోంగూరా, తెల్ల గోంగూరా?" అని అడిగారు.

ఇక అసలు పని మిగిలింది. నర్సమ్మకు సంగతి చెప్పి తోడు రమ్మంటే, "మీరే చెప్పండి మేడమ్, కాన్సరని నా నోటితో చెప్పించారు, ఇదన్నా మీ నోటితో చెప్పండి" అంది. అందులో న్యాయముంది. ఒక్కదాన్నే వెళ్ళాను.

ఆమె ఇంటి ముందు వేపచెట్టు నీడలో మంచం మీద కూర్చుని ఉంది. నేను పక్కనే కూర్చుని మొత్తం చెప్పాను. మిషన్ చూసింది జబ్బును కాదని, పచ్చడినని. మీకు జబ్బు ఉందని మా దగ్గర ఏ ఆధారమూ లేదని, డాక్టరు గొట్టంతో చూసి లేదన్న మాటే నమ్మాలని. మీకు చెప్పకూడని మాట చెప్పించానని, తప్పంతా నాదేనని. క్షమించమని అడిగాను.

"అయితే నేను చావనా?" అంది.

"ఇప్పట్లో ఆ లక్షణాలేం లేవమ్మా."

"దేవుడి కోసం నోరు కట్టుకుంటే మీ మిషనికి కాన్సరు మాదిరి కనపడిందా?"

"అవునమ్మా."

నవ్వుతుందనుకున్నాను. తిడుతుందని కూడా అనుకున్నాను. ఆమె లోపలి వైపు ఒకసారి చూసి, నా దగ్గరికి జరిగి, గొంతు తగ్గించింది.

"అమ్మాయ్, ఒక మాట. ఈ సంగతి ఇంకెవురికీ చెప్పబాక. ఒక నెలన్నా ఆగు."

"ఎందుకమ్మా?"

"లోపల ఉంది మా తోడికోడలు. బోరు నీళ్ళ కాడ మాటా మాటా వచ్చి తొమ్మిదేళ్ళాయె, మాటల్లేవు. మధ్యలో ఉండేది ఒక గోడే. మాట్టాడమని పాస్టరుగారు చెవిలో ఇల్లు కట్టుకుని పోరాడు. అది నావల్ల కాదు, కావాలంటే నలబై రోజులు చప్పిడి తింటానన్నా. అందుకే ఆ తీర్మానం. ఇప్పుడు నాకు కాన్సరని తెలిసి అదే గోడ దాటి వచ్చింది. పొద్దునా మాపూ అన్నం వండి పెడతంది. తలకి నూనె రాస్తంది. బాగున్నానని తెలిస్తే మళ్ళీ రాదు అమ్మాయ్."

నా ఉద్యోగంలో ఎన్నో కమిటీల ముందు కూర్చుని జవాబులు చెప్పాను. ఇలాంటి కోరిక ఏ కమిటీ నుంచీ రాలేదు. లేని జబ్బు ఒకసారి ఉందన్నాను. ఆమె ఇంకో నెల ఉందనమంటోంది. ఆమె కళ్ళలో నీళ్ళున్నాయి. చనిపోతానని అనుకున్నప్పుడు వచ్చినవి కావవి. "అలా చెప్పలేనమ్మా" అన్నాను చివరికి. "ఇంకొక్క అబద్ధానికి నాకు ఓపిక లేదు."

లోపల గిన్నెల చప్పుడు ఆగింది. తోడికోడలు గుమ్మంలోకొచ్చింది. చేతిలో అన్నం పళ్ళెం. ఆమె ఎప్పటి నుంచి వింటోందో తెలియదు. కోపమో కాదో తెలియని మొహం.

"విన్నాలే" అంది. "గుసగుసలు మాట్టాడటం నీకెప్పుడు చాతనైంది గనక. పది రోజులుగా చప్పిడి పప్పు వండలేక చస్తన్నా. గోంగూర తెస్తా, లేచి చేతులు కడుక్కో."

ఆమె లేచింది. కొంగుతో మొహం తుడుచుకుని, వెళ్ళి చేతులు కడుక్కుంది. తోడికోడలు గోడ దాటి తన ఇంట్లోకి వెళ్ళి పచ్చడి గిన్నె తెచ్చింది. నాకూ పళ్ళెం పెట్టింది. నేనూ తిన్నాను. పొద్దుటి నుంచి మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదని అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు ఆ ఊళ్ళో నిజంగా పరగడుపున ఉన్నది నేనొక్కదాన్నే.

మా పేపరు రాలేదు. విలేకరులు రాలేదు. ఫారంలో పరగడుపు గడి తీసేసి, "ఏం తిన్నారు?" అని రెండు ఖాళీ గీతలు పెట్టాం. నర్సమ్మ అందులో కూరలు, పచ్చళ్ళు, ఎవరింట్లో నీసు వండారో కూడా రాసి పంపేది. అప్పటినుంచి మా డేటా మెరుగుపడింది. కాన్సర్ కోసం వెతకడం మానలేదు. ఆ తర్వాత పన్నెండేళ్ళు వెతికి, చిన్నాచితకా గీతలు కొన్ని పట్టుకుని, మిగతాది వెనక వచ్చినవాళ్ళకు అప్పజెప్పి రిటైరయ్యాను. ఏదైనా గీత మరీ మంచిగా కనపడితే ఆ మనుషుల వరండాలోకి వెళ్ళి కూర్చుని రమ్మని కుర్రవాళ్ళకు చెప్పేదాన్ని. కొందరు వెళ్ళారు.

మరుసటి నెల డబ్బా వచ్చినప్పుడు టెక్నికల్ ఆఫీసరు ముప్పై ఏడో నంబరును అన్నిటికన్నా ముందు మిషన్లో పెట్టాడు. అవసరం లేదని ఇద్దరికీ తెలుసు. కాగితం చేత్తో పట్టుకుని నా గదిలోకి వచ్చి, బల్లమీద పెట్టి, "ఇంత పెద్దగ ఎవ్వరికీ రాలె మేడమ్" అన్నాడు.

ఆ కాగితం ఇప్పటికీ నా బీరువాలో ఉంది. ఏం కనిపెట్టారని అడిగిన అమ్మాయికి ఈసారి అదే చూపిస్తాను. దాన్ని చూసి ఎవరికి ఏ జబ్బు ఉందో లేదో చెప్పలేం. ఇద్దరు తోడికోడళ్ళు కలిసి అన్నం తింటున్నారని మాత్రం చెప్పొచ్చు.